రెండో తెడ్డు

మహేశ్వరి పడవెక్కి కూర్చుంది. పడవ కదల్లేదు.

పడవ ల్యాప్‌టాప్‌లో ఉంది. మహేశ్వరి చిక్కడపల్లిలో, మూడో అంతస్తులో, డైనింగ్ టేబుల్ ముందు ఉంది. భర్త ఆఫీసుకు పోయాడు, అంట్లు సింకులోకి పోయాయి, మధ్యాహ్నం ఆమెకు మిగిలింది.

ఆట పేరు ఏడు రేవులు. కాలేజీ రోజుల్లో నారాయణగూడ నెట్ సెంటర్లో ఆమె, స్నేహితురాలు నళిని పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఆడిన ఆట. తర్వాత కంపెనీవాళ్లు దాన్ని ఎంత బాగుచేశారంటే, ఇక ఆడబుద్ధి కాలేదు. ఈమధ్య ఎవరో అభిమానులు ఆ పాత ఆటనే ఇళ్లూ వాకిళ్లతో సహా మళ్లీ తెరిచారు.

తెరిచారు గానీ, లోపల నరమానవుడు లేడు.

నది అవతల ఆమె, నళిని కట్టుకున్న ఇల్లు మాత్రం అలాగే ఉంది. పాత ఆటలో ఇంట్లో రోజూ దీపం పెట్టాలి. కొన్నాళ్లు పెట్టకపోతే ఇల్లు కూలిపోతుంది. కొత్త ఆటలో మీట నొక్కితే అవతలి ఒడ్డున ఉంటారు. పాత పడవకు రెండు తెడ్లు. ఇద్దరు వేస్తేనే కదిలేది.

నళినికి మెసేజ్ పెట్టింది. "మనిల్లు ఇంకా ఉన్నదే. రా."

నళిని చప్పట్లు కొట్టే చేతుల బొమ్మ పంపింది. రాలేదు.

అంతలో, ఒడ్డున గడ్డి టోపీ పెట్టుకుని నిలబడ్డ ఆకారం ఒకటి వచ్చి ఎదురుగా కూర్చుంది. రెండో తెడ్డు అందుకుంది. పడవ కదిలింది.

"ఓహో, పడవ నడిపే బొమ్మను పెట్టిన్రా," అని టైపు చేసింది మహేశ్వరి. "బొమ్మవే కదా?"

టోపీ పలకలేదు.

"బొమ్మవే. మంచిగైంది. మనుషులైతే మధ్యలో సలహాలిస్తరు."

ఆనాటి నుంచి మధ్యాహ్నమయ్యేసరికి టోపీ ఒడ్డున ఉండేది. ఈమె ఎక్కితే అదీ ఎక్కేది. పడవ సాగినంతసేపూ ఈమె వేళ్లు సాగేవి.

"ఇయ్యాల సొరకాయ చేదొచ్చింది. మావారు ఏమనకుండ తిన్నరు. మంచితనం అనుకునేవు. ఆయనకు తెల్వలే, అంతే."

టోపీ తెడ్డు వేసేది.

"కాలేజీల వక్తృత్వ పోటీల నాకు ఫస్ట్ ప్రైజు. ఇప్పుడు నా ఉపన్యాసాలన్నీ గ్యాసు బండ తెచ్చేటాయనకే. ఆయన గూడ ఈమధ్య బండ గేటు కాడనే దించి పోతున్నడు."

తెడ్డు.

ఒకరోజు నది నడుమ ఇలా కొట్టింది. "బొమ్మవు గనుక చెప్తున్న. పొద్దున లేస్తే, ఎందుకు లేచిన అనిపిస్తున్నది. ఎవ్వరికీ చెప్పలే. చెప్తే డాక్టర్ దగ్గరికన్న తీస్కపోతరు, గుడికన్న తీస్కపోతరు. కూసొని వినేటోళ్లు ఎవరున్నరు?"

పడవ ఆగిపోయింది. చాలాసేపటికి, మెల్లగా కదిలింది.

అవతలి ఒడ్డున, ఎన్నడూ పడవ దిగని టోపీ ఆరోజు దిగింది. ఆమె దీపం పెట్టేదాకా గుమ్మం బయటే నిలబడింది.

సాయంత్రం భర్త రమాకాంత్ చెప్పులు విప్పుతుండగానే అంది. "నెట్ నెమ్మదైంది. జర కంప్లైంట్ ఇయ్యండి."

"పగలంత నెట్‌తోటి ఏం చేస్తవు?"

"దీపం పెడ్తున్న."

"ఊఁ," అన్నాడు రమాకాంత్, భక్తిగా.

ఆ తర్వాతి సోమవారం ఒడ్డున టోపీ లేదు. మర్నాడూ లేదు. ఆ మర్నాడూ లేదు.

మహేశ్వరి పడవలో కూర్చుని అలవాటు కొద్దీ రెండు మాటలు టైపు చేసి, ఎదురుగా ఖాళీ చూసి, చెరిపేసింది. ఇంటి గోడ బీటలు వారిందని ఆట హెచ్చరిక పంపింది.

ఆట పేజీలో సహాయానికని ఒక నంబరుంది. చేసింది.

"చెప్పుండ్రక్కా. సాయిచైతన్యను, ఆట నేనే చూస్కుంట."

"మీ పడవ బొమ్మ చెడిపోయింది తమ్ముడూ. జర రిపేర్ చెయ్యుండ్రి. నా ఇల్లు కూలేటట్టున్నది."

"ఏ బొమ్మక్కా?"

"అదే, గడ్డి టోపీ. తెడ్డేసేది."



"పాత ఆటల అసొంటి బొమ్మ లేదక్కా. అక్కడ తెడ్డు మనుషులే ఎయ్యాలె."

మహేశ్వరికి చెవులు వేడెక్కాయి. రాసినవన్నీ వరుసగా గుర్తొచ్చాయి, సొరకాయ మొదలుకొని.

"ఎవరాయన?"

"కుమారస్వామి అని. అశోక్ నగర్ల హాస్టల్ల ఉండి గ్రూప్స్‌కు చదువుతుండె. ఈసారి గూడ నౌకరి రాలె. రూం ఖాళీ చేసి ఊరికి పోయిండు."

అశోక్ నగర్ అంటే ఆమె కూరగాయలకు పోయే దారి.

"మీ ఇంటికేం గాదక్కా. ఇయ్యాల నేనొచ్చి తెడ్డేస్త."

ఆ మాట ఆమె వినిపించుకోలేదు.

"నంబరుందా?"

"కలుస్తలేదు. నేనూ చేసి చూసిన."

"మనిషినని ఒక్క మాట చెప్పొద్దా తమ్ముడూ? నా తిప్పలన్నీ చదివి నవ్వుకున్నడా ఇన్ని దినాలు?"

"నేను గూడ అడిగిన, ఎందుకు చెప్పవురా అని. గిప్పుడు పోయిండు గదా అని చెప్తున్న గనీ, అప్పుడు నాతోటి ఒట్టేపిచ్చుకున్నడక్కా... 'ఈ పట్నంల నాతోటి రోజూ మాట్లాడేది ఆ అక్క ఒక్కతే, మనిషినని తెలిస్తే బంద్ చేస్తది, చెప్పకు అన్నా' అన్నడు."