గోడ మీది వైరు

కృష్ణా,

కారు బ్యాటరీ అయిపోయి తాత పోయాడని ఫోన్లో అన్నావు. తప్పు. తుఫాను తగ్గి కరెంటు వచ్చాక చూశాను, అందులో ఛార్జి ఇంకా సగానికి పైనే ఉంది.

ఆగి ఉన్న కార్లు ఊరికి కరెంటు తిరిగిస్తాయని నువ్వు చెప్తే తాత నవ్వేవాడు. మమ్మల్ని డుమస్ బీచికి తిప్పుతానని నువ్వు కొన్న కారు, ఆ రోజు గుమ్మం ముందు నుంచి కదలకుండానే ఆయన ఆక్సిజన్ మిషన్ నడిపింది.

మధ్యాహ్నానికి పక్కింటి ఇన్వర్టర్ ఆగిపోయింది. దాంతో వాళ్లమ్మాయి రుచిత ఆక్సిజన్ మిషన్ కూడా ఆగింది. పచ్చి బాలింత. వాళ్లమ్మ ఏడుపు గోడ దాటి వినిపిస్తోంది. కారు ఒక్క మిషన్‌కు మించి లాగదని నువ్వే చెప్పి వెళ్లావు.

"షెడ్డుల లోడు ఎక్కువైతే ఏ సాంచా ముందు ఆపుతం?" అన్నాడు తాత. బతుకంతా మరమగ్గాల మధ్య గడిపిన మనిషి.

"పాతది," అన్నాను. పంతులమ్మను కదా, అడిగితే జవాబు చెప్పడం అలవాటు.

"మరింకేంది? వైరు గోడ మీంచి ఇయ్యి."

నేను ఇవ్వలేదు. ఆయనే ముక్కు గొట్టం తీసేసి స్విచ్చు ఆపాడు. అప్పుడు ఇచ్చాను.

రుచిత లేచి తిరుగుతోంది. తాత పోయాకే వైరు ఇచ్చామని అనుకుంటోంది.

ఆదివారం వచ్చినప్పుడు వాళ్లింట్లో ఉన్న మన వైరు అడిగి తెచ్చిపెట్టు. రుచిత ఆ మాటంటే తలూపు. అక్కడ మాత్రం తప్పు దిద్దకు.

నానమ్మ