వానలో నిలబడ్డ కోచ్

“లోపలికెళ్ళండి సార్! తడిసి ముద్దైపోతున్నారు!” టైలరమ్మ గేటు బయట నుంచి గట్టిగా అరిచింది.

టేబుల్ టెన్నిస్ క్లబ్బు కోచ్ గేటు లోపలే నిలబడి ఉన్నాడు. నెత్తి మీంచి నీళ్ళు ధారలు కడుతున్నాయి. వెనక హాలు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల హాయిగా, పొడిపొడిగా, ఎనిమిదేళ్ళ పిల్ల ఒక్కతే బంతిని గోడకేసి టకటకా కొట్టుకుంటోంది.

“వెళ్ళకూడదమ్మా. అందరూ వెళ్ళిపోయి ఈ పిల్లొక్కతే మిగిలింది. రెండో కోచ్‌కి జ్వరం. ఒక్క పిల్లతో ఒక్క పెద్దమనిషి నాలుగు గోడల మధ్య ఉండకూడదని మా రూలు. రోడ్డున పోయేవాళ్ళకి ఇద్దరం కనబడుతుండాలి.”

“గొడుగైనా లేదా?”

“ఇందాక ఒక బుడ్డోడికిచ్చి పంపా.”

టైలరమ్మ తన గొడుగు సగం గేటు మీదుగా ఆయన వైపు జరిపింది. ఆవిడ చేతిసంచిలో ఆ క్లబ్బు ఫారం మూడు రోజులుగా నలుగుతోంది. చేరతానని కూతురిది ఒకటే పోరు. పిల్లల్ని పాడుచేసే కోచ్‌ల గురించి పేపర్లో చదివిన వార్తలన్నీ గుర్తొచ్చి సంతకానికి తల్లికి చెయ్యాడడం లేదు. చెప్పాపెట్టకుండా చూసిపోదామని వచ్చింది. ఈయన్ని చూస్తే ముచ్చటేసింది, ఆ వెంటే అనుమానమూ వచ్చింది. సందు చివర తనని చూసి అప్పటికప్పుడు బయటికొచ్చాడేమో! రెండు నిమిషాల్లో తడిపేసే వాన ఇది.

“ఇప్పుడు పెద్దవాళ్ళం ఇద్దరమయ్యాంగా. పదండి లోపలికి.”

“లోపలికి రానివ్వాల్సిన వాళ్ళ లిస్టులో మీరు లేరమ్మా. ఏమనుకోకండి, గేటు దాటనివ్వను.”

“అబ్బో! సరే గానీ, పిల్లనిలా వదిలేసి వీళ్ళమ్మ ఏ రాచకార్యాలు వెలగబెడుతోందట?”

“మెల్లగా అనండి. ఆవిడ చెవిన పడితే నాకు మూడుతుంది.”

“తండ్రనేవాడు ఒకడున్నాడా, లేడా?”

“ఉన్నాడండీ పాపం.” కోచ్ మొహం తుడుచుకున్నాడు. “ఆయన చేతుల్లో ఏం లేదు.”

“మగాళ్ళందరూ చెప్పే మాటే అది!”

అంతలో ఒక స్కూటర్ వచ్చి ఆగింది. “పంక్చరైంది కోచ్ గారూ!” అంటూ రెయిన్‌కోటులో ఒకావిడ దిగింది.

“కార్డు చూపించండి మేడం.”

“రోజూ చూసే మొహమేగా!”

“కార్డు మేడం.”

ఆవిడ కొరకొరా చూసి కార్డు తీసింది. కోచ్ ఫొటోనీ మొహాన్నీ రెండుసార్లు పోల్చి చూశాడు. ప్లాస్టిక్ కవర్లోంచి రిజిస్టర్ తీసి సంతకం పెట్టించుకున్నాడు. అప్పుడు గానీ పిల్లని రమ్మని చెయ్యూపలేదు.

“థాంక్యూ కోచ్ గారూ!” అని బుద్ధిగా చెప్పి పిల్ల బయటికొచ్చింది.

టైలరమ్మకి నవ్వాగలేదు. అయినా ఫారం సంచిలోంచి బయటికి రాలేదు. పరాయివాళ్ళు చూస్తుంటే ఎవరైనా ఇలాగే ఉంటారు, ఇదంతా నా కోసమే అయితే? రేపు ఆలోచిద్దాంలే అనుకుని కదలబోయింది.

కోచ్ హాలు మూసి, బయటికొచ్చి, గేటుకి తాళం వేశాడు. తాళం పడిన చప్పుడు వినీ వినగానే స్కూటర్ మీది పిల్ల ఒక్క గెంతు గెంతి ఆయన తడిసిన మెడకి వేలాడింది.

“గేటు దాటేశాంగా! ఇప్పుడు నాన్నా అని పిలవొచ్చా?”