మొదటి ముద్ద

“రాసుకోరేం? జీడిపప్పు పిసరంత తగిలినా మా పాపకి ఊపిరాడదు. ఇదేం ఆట కాదు!”

గీతాంజలి గొంతుకి పక్క టేబుల్ వాళ్ళు తలలు తిప్పి చూశారు.

వెయిట్రెస్ రాగిణి చేతిలోని చిన్న ట్యాబ్ ఎత్తి చూపించింది. “ఇప్పుడు కాగితాలు లేవండీ. ఇందులో సీట్లకి నంబర్లుంటాయి. మీరు ఒకటి, పాప రెండు, అమ్మగారు మూడు. రెండో సీటు మీద ఎర్ర బటన్ నొక్కాను, చూడండి. వంటింట్లో స్క్రీన్ మీద వెంటనే కనబడుతుంది.”

“కనబడితే చాలదమ్మా, చూసేవాళ్ళుండాలి కదా,” అంది గీతాంజలి తల్లి శేషమ్మ. మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ వేళ్ళు కొంగు చివరి ముడిని తడుముతూనే ఉన్నాయి.

“అమ్మా, నువ్వు కాసేపు ఊరుకో. నాకూ పాపకీ పనీర్ కూర, అన్నం. పాపది జీడిపప్పు లేకుండా, నాది మామూలుగానే. అమ్మకి...”

“రెండిడ్లీలు. చట్నీ వద్దు. కారప్పొడి చాలు.”

రాగిణి నొక్కింది. అమెరికాలోని షామ్‌బర్గ్‌లోని ఆ రెస్టారెంట్‌కి ట్యాబ్‌లు వచ్చి నాలుగు రోజులే అయింది. ‘ఎవరు తప్పు నొక్కితే వాళ్ళ పేరే పడుతుంది. ఇంక సాకులు చెల్లవు’ అని మేనేజర్ దివాకర్ పొద్దున్నే హెచ్చరించాడు. ఆదివారం మధ్యాహ్నం కావడంతో తలుపు అవతలి దాకా జనం నిలబడి ఉన్నారు.

ఆమె అటు తిరిగిందో లేదో, వెనక నుంచి శేషమ్మ గొంతు వినబడింది. “గీతా, పిల్లని నా పక్కకి పంపవే.”

“మొదలెట్టావా? మళ్ళీ దాని ప్లేట్‌లో చెయ్యి పెట్టడానికేగా! పదేళ్ళ పిల్లకి ఇంకా ఉప్పు చూసి పెట్టడమేంటి? అందరూ చూస్తారమ్మా.”

“ఇట్స్ ఓకే మామ్,” అంది పాప సాన్వి. “అమ్మమ్మ ఆల్వేస్ ఫస్ట్ బైట్ తింటది. ఐ డోంట్ మైండ్.”

కుర్చీలు జరిపిన చప్పుడు. ఏ ఇంట్లోనైనా ఉండే గొడవే అనుకుని రాగిణి నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

హాలు ఆ చివర ఎనిమిది మంది గుంపు ఒకళ్ళ మాట మీద ఒకళ్ళు ఆర్డర్లు చెబుతుండగా చేతిలో ట్యాబ్ గుర్రుమంది. గీతాంజలి వాళ్ళ ఆరో టేబుల్‌కి భోజనం చేరింది. రాగిణి అలవాటుగా తలెత్తి అటు చూసింది.

పాప అమ్మమ్మ పక్కన, ఒకటో సీటులో కూర్చుని ఉంది. రెండో సీటులో గీతాంజలి, చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని ఆఫీస్ కాల్‌లో ఉంది.

ప్లేట్లు తెచ్చేవాడికి మనుషులతో పనిలేదు, నంబర్లతోనే పని. జీడిపప్పు లేని కూర రెండో సీటుకి పోయింది. మరి పాప ముందున్నది?

ట్యాబ్ మీద ‘ఆపు’ బటన్ నొక్కింది. తెర మీద చక్రం తిరుగుతోంది. కనెక్ట్ కావడం లేదు. ట్యాబ్‌ని చంకలో ఇరికించుకుని పరుగెత్తింది. మధ్యలో ఎవరిదో పుట్టినరోజు. చుట్టూ నిలబడి చప్పట్లు కొడుతూ పాడుతున్నారు. “జరగండి, ప్లీజ్! పాపా, తినొద్దు!” అని అరిచింది. ఆ పాటలో ఆమె అరుపు ఎవరికీ వినబడలేదు.

భుజాలతో దారి చేసుకుని వెళ్ళేసరికి పాప చేతిలో స్పూను గాల్లో ఉంది. ప్లేటు మాత్రం శేషమ్మ ముందుంది. ఆవిడ నోట్లో ముద్ద ఉంది.

“అమ్మా!” గీతాంజలి ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి కసిరింది. “దాని ప్లేట్ దానికియ్యి!”

శేషమ్మ అరచెయ్యి ప్లేటు మీద బోర్లించింది. “ఉప్పు కషాయంలా ఉంది. పిల్లకి పెట్టకు.”

రాగిణి ఆ ప్లేటు లాగేసుకుంది. “పాపా, తిన్నావా? ఒక్క మెతుకైనా?”

“లేదు ఆంటీ. అమ్మమ్మ ఇవ్వట్లేదు.”

సీట్లు మారడంతో ప్లేట్లు తారుమారయ్యాయని రాగిణి చెప్పింది. గీతాంజలి ముఖం పాలిపోయింది. మరుక్షణం విరుచుకుపడింది. “కుర్చీ మారితే పిల్లని చంపేస్తుందా మీ మెషీను?”

దివాకర్ పరుగున వచ్చి పదిసార్లు సారీ చెప్పాడు. తర్వాత రాగిణి వైపు చెయ్యి చాపాడు. “ట్యాబ్ ఇలా ఇచ్చెయ్. తర్వాత మాట్లాడదాం.” ఆ ‘తర్వాత’ అనే మాటకి అర్థం ఏమిటో ఆమెకి తెలుసు. ట్యాబ్ అతని చేతిలో పెట్టేసింది.

గీతాంజలి కూతుర్ని గుండెకి అదుముకుని ఏడుస్తోంది. “నీ చాదస్తమే ఇవాళ కాపాడిందమ్మా,” అంది. శేషమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి, వాష్‌రూమ్ వైపు నడిచింది.

వంటింట్లో రాగిణి గిన్నెలోని కూర గరిటెతో అరచేతిలో వేసుకుని నాకి చూసింది. ఉప్పు సరిగ్గానే ఉంది. జీడిపప్పు వెన్నలా నూరి కలిపారు, నాలుకకి తెలియనే తెలియదు. మరి ఆవిడకెలా తెలిసింది?

గ్లాసుతో మంచినీళ్ళు పట్టుకుని వాష్‌రూమ్ తలుపు తోసింది.

శేషమ్మ అద్దం ముందు నిలబడి ఉంది. పెదవులు వాచిపోయాయి. మెడ నిండా ఎర్రటి దద్దుర్లు. కొంగు ముడి విప్పి, అందులోని మాత్ర తీసి నోట్లో వేసుకుంటోంది.

“అమ్మగారూ, మీక్కూడానా! ఉండండి, మేడమ్‌ని పిలుస్తాను.”

శేషమ్మ గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది.

“చెప్పకు తల్లీ,” అంది బొంగురు గొంతుతో. “నాకూ పడదని గీతకి తెలిస్తే, పిల్ల కంచంలో మొదటి ముద్ద ఇంకెప్పుడూ నన్ను తిననివ్వదు.”