తాడు అవతలి కొస

యుద్ధంలో, డిసెంబరు తొమ్మిది రాత్రి కందకంలో ఎండురొట్టె, ఉల్లిపాయ తిన్నాం. పక్క కందకంలో ఉన్న తోటి సిపాయి బక్కోడికీ నాకూ మధ్య ఒక తాడు కట్టుకున్నాం. ఒకసారి లాగితే మెలకువగా ఉన్నావా అని అడిగినట్టు, రెండుసార్లు లాగితే ఉన్నానని చెప్పినట్టు.

"నిద్రపోకురోయ్, నీ గురక శత్రువుకి దారి చూపిస్తుంది," అన్నాడు వాడు.

తెల్లవారుజామున నేను లాగితే బదులు రాలేదు.

యుద్ధం నుంచి ఇంటికొచ్చాక నాకు నిద్ర పట్టేది కాదు. అప్పుడు నా భార్య మా రెండు మంచాల మధ్య తాడు కట్టింది. ఏ రాత్రి లాగినా విసుక్కోకుండా రెండుసార్లు బదులిచ్చేది. ఆమె పోయి ఏడాదైంది.

"ఇంకా ఎందుకు నాన్నా ఆ తాడు? విప్పేస్తాను," అంది కూతురు, గుమ్మంలో నిలబడి.

"రేపు విప్పుదువులే, తల్లీ."

అప్పుడే తాడు బిగిసింది. ఖాళీ మంచం వైపు నుంచి, ఒక్కసారి.

అమ్మాయీ చూసింది. నేను రెండుసార్లు లాగేదాకా ఆగి, చప్పుడు కాకుండా తలుపు మూసింది.