కిటికీలోంచి చూసిన సంత

“ఒక్కో చేపని నలుగురు మోసుకొచ్చేవారండి పిన్నీ! తోక ఇంకా ఏట్లోనే ఉండేది,” అన్నాడు జాషువా. కాంబోడియా నుంచి వచ్చి వారం కాలేదు.

చేపల తట్ట దించి నూకరత్నం పడీపడీ నవ్వింది. రేపు ఆమె కొడుకు అనిల్ వెళ్తున్నది కూడా అక్కడికే. అదే ఏజెంటు, అదే కంప్యూటరు ఉద్యోగం.

“మావాడికి తిండికి లోటుండదు కదా బాబూ?”

“లోటా? చేపని కొబ్బరిపాలలో ఉడికించి అరిటాకులో పెడతారు. సాలీళ్ళని పకోడీల్లా వేయిస్తారు. సంత నిండా ఎర్ర గొడుగులూ, పచ్చ గొడుగులూ!”

“చేప తాజాదో కాదో మొప్ప ఎత్తి చూస్తే ఊరుకుంటారా, తిడతారా?”

“అది చూళ్ళేదు పిన్నీ,” అన్నాడు జాషువా. తమ ఊరు మామిడికుదురులో మొప్ప ఎత్తి చూడకుండా చేప కొన్నవాణ్ణి ఆమె ఇంతవరకూ ఎరగదు.

“పోనీ, అమ్మేవాళ్ళ మొహాలెలా ఉంటాయి?”

“గొడుగులే కనిపించేవి పిన్నీ.”

“ఎక్కణ్ణించి చూసేవు?”

“నాలుగో అంతస్తు కిటికీలోంచి.” అతని గొంతు తగ్గిపోయింది. “తలుపుకి బయట తాళం. ఊళ్ళో ఈ మాట ఎలా చెప్పను?”

నూకరత్నం నవ్వు ఆగిపోయింది. కొడుక్కి ఫోను కలిపి జాషువా చేతిలో పెట్టింది. “నా మాట వినడు. నువ్వే చెప్పు.”

“అన్నా!” అనిల్ హుషారుగా అరిచాడు. “పెట్టె సర్దేసేను. నువ్వు చెప్పిన ఆ సాలీళ్ళ రుచి ఎలాగుంటది?”

“నేను తినలేదురా,” అన్నాడు జాషువా. “మాకు గంజి పోసేవారు. ఫోన్లో ఎవర్నీ మోసం చెయ్యలేని రోజున అదీ లేదు.”