పది సెకన్ల ఖాళీ

రైలు యూ టీ స్టేషన్ దాటుతుంటే, ఇయర్‌ఫోన్లలో ఆమని గొంతే ఆమనిని అడిగింది: "రాత్రిళ్లు నిద్ర పడుతోందా?"

తర్వాత పది సెకన్ల ఖాళీ.

ఆ ఖాళీలో ఎవరో "లేదు" అన్నారు.

గుసగుసగా. తెలుగులో.

ఆమని గబుక్కున పక్కసీటు వైపు చూసింది. యూనిఫాం వేసుకున్న స్కూలు పిల్ల ఒకతె నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

పదిన్నరకి ఆంగ్ మో కియోలో పరీక్ష. క్లినికల్ సోషల్ వర్కర్‌గా లైసెన్స్ ఇచ్చే పరీక్ష. రాతభాగం గట్టెక్కింది, ఇంటర్వ్యూ మిగిలింది. ఆమె పనిచేసేది ఈ దేశానికి పనికొచ్చి డార్మిటరీల్లో ఉండే తెలుగు కార్మికులతో కాబట్టి ఇంటర్వ్యూ తెలుగులోనే. ఎదురుగా ఒక నటుడు దిగులుపడ్డ మనిషిలా వచ్చి కూర్చుంటాడు. అతన్ని ప్రశ్నలు అడగాలి.

ఇది రెండోసారి. ఇదీ తప్పితే ఉన్న ఉద్యోగం కూడా ఊడుతుంది.

మొదటిసారి తప్పింది ఒక్క మాట దగ్గర. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగాలి. ఎలా అడుగుతుంది పాపం? ఆ మాట నోట్లోంచి ఊడిపడితే మూతి మీద కొట్టే ఇంట్లో పెరిగిన పిల్ల. "ఏమైనా పిచ్చిపిచ్చి ఆలోచనలు వస్తున్నాయాండీ?" అని నసిగింది. "అబ్బే, లేదండీ" అన్నాడు నటుడు. అక్కడితో సరి.

అందుకే నిన్న పొద్దున ప్రశ్నలన్నీ ఫోన్లో రికార్డు చేసుకుంది. ఒక్కో ప్రశ్న తర్వాత జవాబుకని పది సెకన్లు వదిలింది. వింటూ వింటూ ఉంటే ఆ మాట నోటికి అలవాటవుతుందని ఆశ. వినడం ఇదే మొదలు.

రికార్డు చేసింది గది తలుపు మూసుకునే. కిటికీ వైపు కారిడార్లో పిల్లల గోలగా ఉంటే, తలుపు దగ్గర నేల మీద కూర్చుని, ఫోన్ తలుపు సందు దగ్గర పెట్టుకుంది. ఆ గోలలో తన గొంతే తనకి సరిగ్గా వినపడలేదు. భర్త లోహిత్ వారం నుంచీ ఊళ్లో లేడు. ఇంట్లో ఉన్నది అత్తగారు తారాదేవి ఒక్కతే. ఆవిడ వింటే ఊరుకోదు. మొన్న ఒకసారి చెవినబడితే, "ఇంట్లో ఆ చావు మాటలేంటమ్మాయ్? తథాస్తు దేవతలు తిరుగుతుంటారు" అని దేవుడి దగ్గర దీపం పెట్టి మరీ వచ్చింది.

మరి ఈ గొంతెవరిది?

రెండో ప్రశ్న వచ్చింది. "మీ బాధ ఎవరికైనా చెప్పుకున్నారా?"

"ఎవరికని చెప్పను?" అంది గొంతు.

ఆడగొంతు.

ఇది చైనావాళ్ల ఏడో నెల, చచ్చినవాళ్లు తిరిగొస్తారనే నెల. అపార్ట్‌మెంట్ బ్లాకు కింద వాళ్ల కోసం డబ్బాల్లో కాగితాలు కాలుస్తున్నారు, బూడిద ఎగిరొచ్చి కారిడార్లో పడుతోంది. ఈ నెల్లో వెనక నుంచి ఎవరు పిలిచినా పలకొద్దని లిఫ్టులో పక్కింటి ఆంటీ చెప్పింది. మనం అడిగితే వాళ్లు పలుకుతారని మాత్రం చెప్పలేదు.

ఇయర్‌ఫోన్లు పీకేద్దామనుకుంది. పీకలేదు.

"చచ్చిపోవాలనిపిస్తోందా?"

ఏడు సెకన్లు. ఎనిమిది. ఏమీ లేదు. హమ్మయ్య అనుకుంది.

"అనిపిస్తుంది," అంది గొంతు. "రోజూ."

రైలు తర్వాతి స్టేషన్ క్రాంజీలోకి వస్తోంది. నాలుగో ప్రశ్న: "ఇప్పుడు మీ దగ్గర ఎవరైనా ఉన్నారా?"

ఈసారి ఖాళీలో, దూరంగా, కుక్కర్ కూత వేసింది.

"మూడు," అంది గొంతు.

కుక్కర్ కూతలు పైకి లెక్కపెట్టే మనిషి ఆ ఇంట్లో ఒక్కతే ఉంది. మామగారు పోయాక అత్తగారు కాకినాడ నుంచి వచ్చిన ఈ ఏడాదిగా రోజూ వింటున్న లెక్కే. లోహిత్, తనూ వెక్కిరిస్తారు కూడా.

దయ్యమైనా బాగుండేది అనిపించింది ఆమనికి.

తలుపులు తెరుచుకున్నాయి. దిగిపోయింది.

క్రాంజీలో దిగినవాళ్లు నలుగురు, వాళ్లూ క్షణంలో మెట్లు దిగి వెళ్లిపోయారు. ఇంటికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. మళ్లీ అంతే.

పరీక్ష వాళ్ల నుంచి మెసేజ్ వచ్చింది, ఆలస్యమైతే పరీక్ష తప్పినట్టే లెక్క అని. చదివింది. వెనక్కి, ఇంటివైపు చోవా చూ కాంగ్ వెళ్లే రైలెక్కింది.

రెండు స్టేషన్లు. అంత దూరం ఎప్పుడూ లేదు.

తారాదేవి తడిచేతులతో తలుపు తీసింది.

"అదేంటమ్మాయ్, పరీక్ష లేదా?"

ఆమని గుమ్మం పట్టుకుంది. "ఫోన్ ఎందుకు తియ్యలేదు అత్తయ్యా?"

"మోగిందా? కుళాయి కింద వినపడి చావదు."

"కూర్చోండి."

"పొయ్యి మీద..."

"ముందు మీరు కూర్చోండి."

పొయ్యి కట్టేసి వచ్చి, ఆమని ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చుంది. మాట తడబడుతుందనుకుంది. తడబడలేదు.

"అత్తయ్యా, మీకు చచ్చిపోవాలనిపిస్తోందా?"

తారాదేవి మూతి మీద కొట్టలేదు. దేవతల మాట ఎత్తలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంది. ఆరిపోయిన చేతుల్నే మళ్లీ మళ్లీ తుడుచుకుంది.

"మొహం చూస్తా ఎలా చెప్పనే?" అంది చివరికి.

ఆమని ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"నువ్వా గదిలోకెళ్లి తలుపేసుకో," అంది తారాదేవి. "నిన్నట్లాగే అట్నుంచి అడుగు."

ఆమని వెళ్లింది. తలుపేసి, దానికే వీపానించి కూర్చుంది.

అవతల చీర గరగర. ఒక మోకాలు, తర్వాత ఇంకో మోకాలు ముడుచుకుని, ఆయాసపడుతూ నేల మీద కూర్చున్న చప్పుడు. తలుపు కొద్దిగా ఇవతలికి ఒరిగింది.

"ఊఁ," అంది తారాదేవి. "అడుగు."