వద్దనే పాఠం

పొగ జోలికి పోవద్దని పిల్లలకు చెప్పే పని మా బళ్లో నా మీద పడింది. స్టాఫ్‌రూమ్‌లో సిగరెట్ కంపు కొట్టేది నేనొక్కణ్ణే కనుక, అనుభవజ్ఞుణ్ణని కాబోలు.

"నేను చెడ్డ స్నేహితుణ్ణి. సిగరెట్ ఇస్తాను, మీరు వద్దనాలి," అన్నాను. నటన పండాలని జేబులోంచి అసలు ప్యాకెట్టే తీశాను.

బెంచీ బెంచీకీ తిరిగాను. అందరూ వద్దన్నారు. గర్వంగా ఊపిరి పీల్చబోతే దగ్గొచ్చింది.

చివరి బెంచీలో కూర్చున్న మా అమ్మాయి మాత్రం చటుక్కున ఒకటి తీసుకుంది. తరగతి ముందు నాకు తల కొట్టేసినట్టయింది.

"వద్దనమన్నాను కదే?"

"తీసుకుంటే మీకు ఒకటి తగ్గుతుంది కదా నాన్నా," అంటూ దాన్ని తుంచేసింది.

అంతవరకూ వద్దన్న పిల్లలంతా నా వైపు చేతులు చాపారు.